వీఎస్ కోడ్ షార్ట్‌కట్లు: పీడీఎఫ్ మొత్తం బట్టీ పట్టాలా, ఏవి ముందు నేర్చుకోవాలి?

గోదారి_కోడర్
కొత్త టీమ్‌లో చేరాను, కోడ్ రాసేది వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో, పని ఎక్కువగా పైథాన్, అప్పుడప్పుడు రియాక్ట్. మా లీడ్ స్క్రీన్ షేర్ పెట్టి కోడ్ చూపిస్తుంటే ఆవిడ చెయ్యి మౌస్ మీదకి వెళ్లడమే లేదు, ఫైల్ పేరు మనం చదివేలోపు తెరుచుకుంటోంది, అందులోంచి ఇంకో ఫంక్షన్‌లోకి దూకుతోంది, మళ్లీ వెనక్కి వచ్చేస్తోంది. నా వంతు వస్తే ఎడమవైపు ఫోల్డర్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ వెతుకుతుంటాను, కాల్‌లో ఉన్నవాళ్లంతా ఎదురుచూస్తుంటారు. కోర్సు చేసినప్పుడు షార్ట్‌కట్ల పీడీఎఫ్ ఒకటి చేతిలో పెట్టి నేర్చుకోండి అన్నారు, వందకి పైనే ఉన్నాయి, చదివితే ఒక్కటీ గుర్తుండట్లేదు. రోజూ వాడేవాళ్లు చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలి? విండోస్ లాప్‌టాప్.

నల్గొండ_డెవ్
ఆ పీడీఎఫ్ పక్కకు పెట్టు తమ్మీ. ముందు రెండే రెండు షార్ట్‌కట్లు వేళ్లకు ఎక్కాలె. కంట్రోల్ పి కొడితే ఫైల్ వెతికే డబ్బా వస్తది, పేరులో గుర్తున్న నాలుగు అక్షరాలు కొట్టు, వరుసగా లేకున్నా పట్టుకుంటది. కంట్రోల్ షిఫ్ట్ పి కొడితే కమాండ్ పాలెట్. ఎడిటర్ చేసే పని ఏదైనా అండ్ల పేరు కొడితే దొరుకుతది, ఆ పేరు పక్కనే దాని షార్ట్‌కట్ కూడా రాసి ఉంటది. ఒక పనికి రోజూ పాలెట్ తెరుస్తున్నవు అనుకో, నాలుగోసారికి పక్కన ఉన్న కీలు చూసి నువ్వే కొడ్తవు. బట్టీ ఎందుకు?

పైథాన్_పద్మ
నల్గొండ అన్న చెప్పిందే, దానికి కొంచెం కలుపుతాను. కంట్రోల్ పి డబ్బాలో మొదటి గుర్తుని బట్టి పని మారిపోతుంది, ఇది చాలామందికి తెలీదు. @ పెడితే ఇప్పుడున్న ఫైల్‌లోని ఫంక్షన్లు, క్లాసులు, @ తర్వాత : కూడా పెడితే అవే రకాల వారీగా విడగొట్టి చూపిస్తుంది. # పెడితే ప్రాజెక్ట్ మొత్తంలో సింబల్స్ (ఫంక్షన్లు, క్లాసుల లాంటి పేర్లు). : పెట్టి అంకె కొడితే ఆ లైన్‌కి. > పెడితే అదే కమాండ్ పాలెట్. ఇవన్నీ మర్చిపోతే ? ఒక్కటి పెట్టండి, జాబితా అదే చూపిస్తుంది. ఎర్రర్ ట్రేస్‌లో (ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో చూపే జాబితాలో) ఫైల్ పేరు, లైన్ నంబర్ కనిపిస్తాయి కదా, ఫైల్ పేరు కొట్టి : పెట్టి నంబర్ కొట్టి ఎంటర్ కొడితే నేరుగా ఆ లైన్ మీద వాలతారు. డీబగ్గింగ్‌లో నేను ఎక్కువగా వాడేది ఇదే.

ఇంకోటి, జాబితాలో ఉన్న ఫైల్ మీద ఎంటర్‌కి బదులు కుడి బాణం కొడితే ఫైల్ వెనకాల తెరుచుకుంటుంది, డబ్బా మూసుకోదు. మూడు నాలుగు ఫైళ్లు ఒకేసారి తెరవాలంటే హాయి.

సెమికోలన్_సుబ్బు
కంట్రోల్ డి గురించి ఎవరూ చెప్పలేదేంటి!! నా జీవితం దాని మీదే నడుస్తోంది. మాట మీద కర్సర్ పెట్టి కంట్రోల్ డి కొడితే ఆ మాట సెలెక్ట్, ఇంకోసారి కొడితే తర్వాత వచ్చే అదే మాట కూడా, అలా కొట్టుకుంటూ పోయి టైప్ చేస్తే అన్నిచోట్లా ఒకేసారి మారిపోతుంది

గోదారి_కోడర్
సుబ్బు గారూ, మధ్యలో ఒకటి మార్చకూడనిది వస్తే?

సెమికోలన్_సుబ్బు
కంట్రోల్ కె కొట్టి కంట్రోల్ డి. దాన్ని వదిలేసి తర్వాతదానికి పోతుంది. ఒకటి ఎక్కువ పట్టేస్తే కంట్రోల్ యు, చివరి కర్సర్ అడుగు ఒక్కటే వెనక్కి వస్తుంది, రాసిన కోడ్ పోదు. ఫైల్‌లో అన్నీ ఒకేసారి కావాలంటే కంట్రోల్ షిఫ్ట్ ఎల్

పైథాన్_పద్మ
@సెమికోలన్_సుబ్బు ఒక తేడా చెప్పకపోతే కొత్తవాళ్లు దెబ్బ తింటారు. కర్సర్ ఊరికే మాట మీద పెట్టి కంట్రోల్ డి కొడితే పూర్తి మాటనే, పెద్దచిన్న అక్షరాలతో సహా సరిపోయినదాన్నే పట్టుకుంటుంది. అదే ముందు మౌస్‌తోనో షిఫ్ట్‌తోనో సెలెక్ట్ చేసి కొడితే, మామూలు సెట్టింగుల్లో, మాట లోపల ఉన్న ముక్కల్ని కూడా పట్టేస్తుంది. 'ఐడి' (id) అని రెండక్షరాలు సెలెక్ట్ చేసి కంట్రోల్ షిఫ్ట్ ఎల్ కొట్టారనుకోండి, 'విడ్త్' (width) స్పెల్లింగ్‌లో కూడా ఆ రెండక్షరాలు పక్కపక్కనే ఉన్నాయి, అది కూడా మారిపోతుంది.

అసలు వేరియబుల్ పేరు మార్చడానికి కంట్రోల్ డి సరైన పనిముట్టు కాదు. దానికి ఎఫ్2 ఉంది. అది అక్షరాల్ని కాదు, కోడ్‌ని అర్థం చేసుకుని మారుస్తుంది, వేరే ఫంక్షన్‌లో అదే పేరుతో ఇంకో వేరియబుల్ ఉంటే దాన్ని ముట్టుకోదు, వేరే ఫైళ్లలో వాడినవి కూడా మారుస్తుంది. కంట్రోల్ డి ని కాన్ఫిగ్ ఫైళ్లకి, హెచ్‌టీఎంఎల్‌కి, వరుసగా ఒకేలా ఉన్న లైన్లకి వాడుకోండి.

కడప_కుర్రోడు
నాకైతే ఈ గొడవంతా అనవసరం అనిపిస్తాది. రోజంతా కూర్చుంటే మనం రాసే కోడ్ ఎంత? మిగతాదంతా ఆలోచించేదే, మీటింగులే. ఫైల్ తెరవడానికి రెండు సెకన్లు మిగిలినంత మాత్రాన ప్రోగ్రామర్ గొప్పోడైపోడు. మా పాత మేనేజర్ మౌస్‌తోనే చేసేటోడు, ఆయన రాసిన కోడ్ చూస్తే చేతులెత్తి దండం పెట్టాల.

నల్గొండ_డెవ్
@కడప_కుర్రోడు గొప్పోడు అయితడని ఎవరన్నరు? రెండు సెకన్ల లెక్క కాదన్నా ఇది. తలకాయల నాలుగు ముక్కలు పట్టుకొని ఉంటం, ఈ ఫంక్షన్ ఏం పంపుతది, అది ఎక్కడ వాడుతున్నరు అని. ఫోల్డర్లు విప్పుకుంటూ పోతే ఫైల్ దొరికేసరికి ఎందుకొచ్చినమో మర్చిపోతం. ఎఫ్12 కొడితే ఆ ఫంక్షన్ రాసిన చోటికి పోతది, ఆల్ట్ ఎడమ బాణం కొడితే వచ్చిన చోటికి తిరిగొస్తది. ఆలోచన తెగిపోకుండ ఉండుడే లాభం. నువ్వన్న ఆలోచించే టైమే మిగులుతది గదా.

కడప_కుర్రోడు
ఆ మాట ఒప్పుకుంటా. ఎఫ్12 నేనూ వాడతా. ఊరికే పోటీలకి నేర్చుకునేదాని గురించే నేను చెప్పింది.

ఈస్ట్‌కోస్ట్_ఇల్లాలు
చదవడానికే ఎక్కువ టైమ్ పోతుంది కాబట్టి చదివే షార్ట్‌కట్లే ముందు నేర్చుకోమంటాను నేను. ఎఫ్12 తో పూర్తిగా వేరే ఫైల్‌కి వెళ్లక్కర్లేదు, ఆల్ట్ ఎఫ్12 కొడితే ఉన్నచోటే చిన్న కిటికీలో డెఫినిషన్ చూపిస్తుంది, చూసి ఎస్కేప్ కొట్టేయొచ్చు. షిఫ్ట్ ఎఫ్12 అయితే ఎక్కడెక్కడ వాడారో అన్నీ. వేరేవాళ్లు రాసిన పాత కోడ్‌లో చెయ్యి పెట్టేముందు ఇది కొట్టి చూడకపోతే నాకు ధైర్యం రాదు. ఎఫ్8 తర్వాతి ఎర్రర్ దగ్గరికి తీసుకెళ్తుంది, అక్కడ కంట్రోల్ చుక్క కొడితే ఇంపోర్ట్ కలపడం లాంటి సరిదిద్దే మార్గాలు చూపిస్తుంది.

గోదారి_కోడర్
నాకు ఎఫ్2 కొడితే స్క్రీన్ వెలుతురు తగ్గుతోంది, ఎఫ్12 కొడితే ఇంకేదో అవుతోంది 😅

సెమికోలన్_సుబ్బు
ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకుని కొట్టు. చాలా లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ ప్లస్ ఎస్కేప్ ఒకసారి కొడితే తిరగబడుతుంది, ఇకనుంచి మామూలుగా ఎఫ్2 అంటే ఎఫ్2 నే. కాకపోతే బయోస్‌లో (లాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెటప్‌లో) సెట్టింగ్ ఉంటుంది

విమ్_వీరుడు
ఇన్ని కీలు పట్టుకుని వేళ్లు మెలితిప్పుకునే బదులు కీబోర్డుతోనే నడిచే విమ్ అనే పాత ఎడిటర్ నేర్చుకోండి. వీఎస్ కోడ్‌లో విమ్ ఎక్స్‌టెన్షన్ వేసుకున్నా చాలు. కోట్స్ లోపల ఉన్నది మార్చాలంటే సి, ఐ, ఆ తర్వాత కోట్ గుర్తు. మూడు కీలు, కంట్రోల్ లేదు ఆల్ట్ లేదు. 'మార్చు', 'లోపల', 'కోట్స్' అని వాక్యం చెప్పినట్టే. ఒకసారి ఆ వ్యాకరణం పట్టుబడితే కొత్త షార్ట్‌కట్లు మీరే కూర్చుకోవచ్చు, జాబితా అక్కర్లేదు. సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ చేసినా (దూరం నుంచి టెర్మినల్‌తో లాగిన్ అయినా) అదే పనికొస్తుంది.

కడప_కుర్రోడు
విమ్‌లో బాణాలకి బదులు హెచ్ జె కె ఎల్ ఎందుకు పెట్టారో ఇప్పటికీ నాకు అర్థం కాదు

విమ్_వీరుడు
దానికి కారణం ఉంది. బిల్ జాయ్ బర్క్‌లీలో విమ్‌కి ముందు తరం ఎడిటర్ వీఐ రాసింది ఏడీఎం 3ఎ అనే టెర్మినల్ మీద. ఆ కీబోర్డులో విడిగా బాణం కీలు లేవు, హెచ్ జె కె ఎల్ కీల మీదే బాణాలు అచ్చువేసి ఉండేవి. ఎస్కేప్ కూడా ఇప్పుడు మన ట్యాబ్ ఉన్నచోట ఉండేది, అందుకే టైపింగ్ ఆపి ఆజ్ఞలకి మారే పని ఎస్కేప్ మీద పెట్టారు. తర్వాత 1991లో బ్రామ్ మూలెనార్ విమ్ విడుదల చేశారు, 2023 ఆగస్టులో పోయేవరకూ దాన్ని చూసుకుంటూనే ఉన్నారు. ఒక్క మనిషి ముప్పై ఏళ్లకి పైగా ఒక పనిముట్టుని అలా మోయడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

పైథాన్_పద్మ
విమ్ మంచిదే, కానీ దాని మోడ్‌లు (ఒకసారి టైపింగ్‌కి, ఒకసారి ఆజ్ఞలకి మారుతూ ఉండటం) అందరికీ పడవు. మనం రోజూ కొట్టే కట్, కాపీ, పేస్ట్ వెనక ఉన్న లారీ టెస్లర్ జెరాక్స్ వాళ్ల పరిశోధనశాల పార్క్‌లో పనిచేసిన రోజుల నుంచీ మోడ్‌లకి గట్టి వ్యతిరేకి. కారు నంబర్ ప్లేటు మీద కూడా 'నో మోడ్స్' అనే పెట్టుకున్నాడాయన. ఒకే కీ ఒకసారి అక్షరం, ఇంకోసారి ఆజ్ఞ అయితే మనిషి తికమక పడతాడని ఆయన వాదన. కొత్తగా చేరిన ఉద్యోగంలో పని నేర్చుకుంటూ అదే నెలలో విమ్ కూడా అంటే గోదారి గారికి భారం అవుతుంది. ఆరు నెలలు పోయాక చూసుకోవచ్చు.

విమ్_వీరుడు
అదీ నిజమే. ఎప్పుడైనా వేస్తే మాత్రం గుర్తుపెట్టుకోండి, ఆ ఎక్స్‌టెన్షన్ కంట్రోల్ డి లాంటివి కొన్ని తనకోసం తీసేసుకుంటుంది, విమ్‌లో అది అరపేజీ కిందికి. సెట్టింగుల్లో 'హ్యాండిల్ కీస్' దగ్గర ఏ కీ వీఎస్ కోడ్‌కి వదిలేయాలో చెప్పొచ్చు.

ఉబుంటు_ఉమ
లైనక్స్ వాళ్లు పైన చెప్పినవి యథాతథంగా కొట్టకండి. ఫార్మాట్ చేయడానికి విండోస్‌లో షిఫ్ట్ ఆల్ట్ ఎఫ్, మనకి కంట్రోల్ షిఫ్ట్ ఐ. వెనక్కి రావడానికి ఆల్ట్ ఎడమ బాణం కాదు, కంట్రోల్ ఆల్ట్ మైనస్. మ్యాక్‌లో అయితే కంట్రోల్ మైనస్, కమాండ్ కాదు. అనుమానం ఉంటే పాలెట్ తెరిచి పేరు కొట్టండి, మీ సిస్టమ్‌లో ఏ కీ ఉందో అదే చూపిస్తుంది.

తెలుగు_టైపరి
తెలుగులో టైప్ చేసేవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. విండోస్‌లో రెండు భాషల కీబోర్డులు పెట్టుకుంటే ఎడమ ఆల్ట్ షిఫ్ట్ కలిపి కొట్టడమే భాష మార్చే కీ. లైన్ కాపీకి షిఫ్ట్ ఆల్ట్ కింది బాణం, ఫార్మాట్‌కి షిఫ్ట్ ఆల్ట్ ఎఫ్. ఆ రెండూ నొక్కి, మూడో కీ ఏదబ్బా అని ఆలోచించి వదిలేశారంటే కీబోర్డు తెలుగులోకి పోతుంది, తర్వాత కోడ్ మధ్యలో గుణింతాలు పడతాయి. టైపింగ్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ అని ఉంటుంది, అక్కడ ఆ జత తీసేయండి. భాష మార్చడానికి విండోస్ కీ ప్లస్ స్పేస్ ఎలాగూ ఉంది.

కంట్రోల్ స్పేస్ కూడా అంతే. ఎడిటర్‌లో అది సజెషన్లు చూపించే కీ. లైనక్స్‌లో భాషల టైపింగ్‌కి ఎఫ్‌సిఐటిఎక్స్ వాడితే మామూలుగా అదే భాష మార్చే కీ, మ్యాక్‌లో రెండు భాషలు పెట్టుకున్నా అంతే. సజెషన్లు రావట్లేదని ఎక్స్‌టెన్షన్లు తీసి మళ్లీ వేసేవాళ్లని చూశాను, అసలు ఆ కీ ఎడిటర్ దాకా చేరడమే లేదు.

ఉబుంటు_ఉమ
@తెలుగు_టైపరి అమ్మయ్య, మా తమ్ముడి మ్యాక్‌లో సజెషన్లు ఎందుకు రావట్లేదో ఇప్పుడు అర్థమైంది. వాడు తెలుగు కీబోర్డు పెట్టుకున్న దగ్గర్నుంచే అలా ఉంది.

మణికట్టు_మధు
వేగం సంగతి పక్కన పెట్టండి, నాకు కుడి భుజం, మణికట్టు నొప్పితో రాత్రి నిద్ర ఉండేది కాదు. ఫిజియోథెరపీ ఆయన మౌస్ వాడకం తగ్గించమన్నాక ఈ షార్ట్‌కట్లు పట్టుకున్నా. నాకు ఎక్కువ పనికొచ్చినవి: ఆల్ట్ పైబాణం కింది బాణం (లైన్‌ని పైకీ కిందికీ జరుపుతుంది, కట్ పేస్ట్ అక్కర్లేదు), కంట్రోల్ షిఫ్ట్ కె (లైన్ తీసేస్తుంది), కంట్రోల్ ఎంటర్ (లైన్ మధ్యలో ఉన్నా కింద కొత్త లైన్), కంట్రోల్ స్లాష్ (కామెంట్). ఏదీ సెలెక్ట్ చేయకుండా కంట్రోల్ సి కొడితే లైన్ మొత్తం కాపీ అవుతుంది, ఎక్స్ కొడితే మొత్తం కట్. షిఫ్ట్ ఆల్ట్ కుడి బాణం కొడుతూ పోతే సెలెక్షన్ మాట నుంచి బ్రాకెట్‌కి, బ్రాకెట్ నుంచి బ్లాక్‌కి పెరుగుతుంది, మౌస్‌తో లాగి సెలెక్ట్ చేసే పనే పోయింది. కానీ ఒకటి, మూడు నాలుగు కీలు కలిపి కొట్టేవి ఒక్క చేత్తో కొట్టకండి. ఎడమ కంట్రోల్ మీదే భారం వేస్తే ఆ చిటికెన వేలు పాడవుతుంది. కుడివైపు కూడా కంట్రోల్, షిఫ్ట్ ఉన్నాయి, వాడండి.

గోదారి_కోడర్
ఇవన్నీ ప్రయత్నిస్తున్నాను, కంట్రోల్ పి అలవాటైపోయింది. కానీ ఇవాళ పొద్దున్నుంచి ట్యాబ్ కొడితే ఇండెంట్ అవ్వట్లేదు, కర్సర్ ఎడిటర్‌లోంచి బయటికి వెళ్లి బటన్ల మీద తిరుగుతోంది. పైథాన్ రాసేవాడికి ట్యాబ్ లేకపోతే ఎలా? రీస్టార్ట్ చేసేముందు అడుగుతున్నా.

సెమికోలన్_సుబ్బు
కంట్రోల్ ఎం కొట్టు. ఎప్పుడో తెలీకుండా తగిలి ఉంటుంది. కింద స్టేటస్ బార్‌లో 'ట్యాబ్ మూవ్స్ ఫోకస్' అని కనిపిస్తోందా?

గోదారి_కోడర్
అవును కనిపిస్తోంది, కొట్టగానే పోయింది, థాంక్యూ. అసలు ఇలాంటిదాన్ని ఎవరు అడిగారని పెట్టారో

విని_రాసేవాణ్ణి
మాలాంటివాళ్లు అడిగారండి. నాకు చూపు లేదు, స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో వీఎస్ కోడ్ వాడతాను. కీబోర్డు మీదే బతికేవాళ్లు ఎడిటర్‌లోకి వెళ్లాక ట్యాబ్ ప్రతిసారీ ఇండెంటే వేస్తుంటే అందులోంచి ట్యాబ్‌తో బయటికి రావడానికి దారి ఉండదు. అందుకే ఆ కీ.

మీరంతా ఎన్ని సెకన్లు మిగులుతాయని మాట్లాడుకుంటున్నారు, నాకు షార్ట్‌కట్ లేకపోతే ఆ ఫీచరే లేనట్టు. ఎడమవైపు ఐకాన్ మీద నొక్కు అని ట్యుటోరియల్‌లో చెప్తే నాకు ఉపయోగం లేదు, కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్ అని చెప్తే వెతుకులాట తెరుచుకుంటుంది, కంట్రోల్ షిఫ్ట్ ఇ అంటే ఫైళ్లు. ఎఫ్6 కొడుతూ పోతే ఎడిటర్, సైడ్‌బార్, స్టేటస్ బార్ ఒక్కో భాగానికీ వెళ్తాను. ఆల్ట్ ఎఫ్1 కొడితే ఉన్నచోట ఏమేం చేయొచ్చో సహాయం చదువుతుంది, ఆల్ట్ ఎఫ్2 తో పాపప్‌లో వచ్చిన సమాచారాన్ని లైన్ల వారీగా వినొచ్చు. ఎఫ్8 గురించి పైన ఒకరు చెప్పారు, ఎర్రర్ కింద ఎర్రగీత కనపడని నాకు అదే కన్ను. టీమ్‌లో ఎవరికైనా ఏదైనా చూపించేటప్పుడు 'ఇక్కడ' 'అది' అనకుండా కీ పేరు, లైన్ నంబర్ చెప్పండి, కంట్రోల్ జి కొట్టి నేనే వచ్చేస్తాను.

గోదారి_కోడర్
ఈ సంగతి నాకు తెలియదండి, చెప్పినందుకు చాలా థాంక్స్. మా రివ్యూ కాల్స్‌లో ఇకనుంచి లైన్ నంబర్ చెప్పే మాట్లాడతాను.

నల్గొండ_డెవ్
@విని_రాసేవాణ్ణి అన్నా, ఈ థ్రెడ్‌ల ఇదే మంచి పోస్ట్. జూనియర్లకు పంపుతున్న.

బటర్‌మిల్క్_భాస్కర్
ఇప్పుడు ఏఐ రాసిపెడుతోంది కదా, ట్యాబ్ ఒక్కటే షార్ట్‌కట్, ఇంకేం కావాలి

ఈస్ట్‌కోస్ట్_ఇల్లాలు
@బటర్‌మిల్క్_భాస్కర్ అది రాసింది ఎవరు చదవాలి మరి? కోడ్ రాసిపెట్టే ఏఐ కోపైలట్ వచ్చాక నేను ఎఫ్12, షిఫ్ట్ ఎఫ్12 ఇంకా ఎక్కువ కొడుతున్నాను. లేని ఫంక్షన్‌ని పిలిచిందేమో, ఉన్నదాన్ని తప్పు ఆర్గ్యుమెంట్లతో పిలిచిందేమో చూసుకోవాలి కదా. ట్యాబ్ కొడితే మొత్తం ఒప్పుకున్నట్టే, కంట్రోల్ కుడి బాణం కొడితే ఒక్కో మాట చొప్పున తీసుకోవచ్చు, సగం బాగుండి సగం చెత్తగా ఉన్నప్పుడు అదే వాడతాను.

బటర్‌మిల్క్_భాస్కర్
ఒక్కో మాట తీసుకోవచ్చని తెలీదు, ఇది బావుంది

ఇంటెలిజె_ఇంద్ర
నేను ఇంటెలిజె అనే ఇంకో ఎడిటర్ నుంచి వచ్చాను, చేతులు మొత్తం ఆ అలవాట్లే, డబుల్ షిఫ్ట్ కొట్టేస్తుంటాను. దాని కీలనే ఇక్కడా పెట్టే కీమ్యాప్ ఎక్స్‌టెన్షన్ వీఎస్ కోడ్‌లో దొరుకుతుంది, సబ్లైమ్, ఈమ్యాక్స్ ఎడిటర్లకి కూడా ఉన్నాయి. ఇంటెలిజెలో కీ ప్రమోటర్ ఎక్స్ అని ప్లగిన్ ఉండేది, మౌస్‌తో ఏదైనా నొక్కితే ఈ పనికి ఈ షార్ట్‌కట్ ఉంది అని మూలన చూపించేది. నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి నేను చూడలేదు.

పైథాన్_పద్మ
గోదారి గారికి ఒక సలహా. వారంలో రెండు చాలు. ఈ వారం మీ చెయ్యి మౌస్ మీదకి ఎందుకు ఎక్కువగా వెళ్తోందో గమనించండి, ఆ పనికే కీ వెతుక్కోండి. ఎవరి పని వాళ్లది, నేను టెర్మినల్‌కి కంట్రోల్ బ్యాక్‌టిక్ (`), తిరిగి ఎడిటర్‌లోకి కంట్రోల్ 1 రోజంతా కొడతాను, మా ఫ్రంటెండ్ అబ్బాయి వాటి జోలికే పోడు. ఫార్మాట్ కీ అయితే నేర్చుకోకండి అసలు, సెట్టింగుల్లో 'ఫార్మాట్ ఆన్ సేవ్' పెట్టేయండి, సేవ్ ఎలాగూ కొడతారు.

గోదారి_కోడర్
ఈ వారం ఎఫ్12 + ఆల్ట్ ఎడమ బాణం, కంట్రోల్ స్లాష్ పెట్టుకున్నా. ఒక డౌట్, ఒక ఎక్స్‌టెన్షన్ వేశాక కంట్రోల్ స్లాష్ పనిచేయడం మానేసింది. ఏది లాక్కుందో ఎలా తెలుస్తుంది?

ఉబుంటు_ఉమ
కంట్రోల్ కె, కంట్రోల్ ఎస్ కొడితే షార్ట్‌కట్ల పేజీ వస్తుంది. కంట్రోల్ కె కొట్టాక కింద రెండో కీ కోసం చూస్తున్నా అని చెప్తుంది, కంగారు పడక్కర్లేదు. పైన వెతికే డబ్బా పక్కన కీబోర్డు బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కి కంట్రోల్ స్లాష్ కొట్టండి, ఆ కీ మీద కూర్చున్నవన్నీ కనిపిస్తాయి, ఏది ఎక్స్‌టెన్షన్‌దో పక్కనే రాసి ఉంటుంది. అక్కర్లేనిదాని మీద రైట్ క్లిక్ చేసి రిమూవ్ కీబైండింగ్.

సెమికోలన్_సుబ్బు
రైట్ క్లిక్కా, మౌస్ ముట్టుకోకూడదు ఉమక్కా 😄 ఆ వరుస మీద ఉండి డిలీట్ కొట్టినా పోతుంది

గోదారి_కోడర్
దొరికింది, తీసేశా, పనిచేస్తోంది. చివరిది, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో బ్రౌజర్‌లోనే వీఎస్ కోడ్ తెరుస్తాను, ఫైర్‌ఫాక్స్. కంట్రోల్ షిఫ్ట్ పి కొడితే ప్రైవేట్ విండో వస్తోంది.

నల్గొండ_డెవ్
ఎఫ్1 కొట్టు, అదే పాలెట్. అండ్ల కంట్రోల్ డబ్ల్యూ మాత్రం కొట్టకు, బ్రౌజర్ ట్యాబే మూసుకుంటది.